ఇంజిన్ బరువు తగ్గించాక వచ్చే తిప్పలు: ఎక్కడ వెతకాలి, ఏం చేయాలి

పెర్ఫార్మెన్స్ కారులో ఇంజిన్ బరువు తగ్గిస్తే ముందు చక్రాల మీద భారం తగ్గుతుంది, మలుపుల్లో కారు చెప్పినట్టు తిరుగుతుంది. అయితే తీసేసిన ప్రతి కిలో అంతకుముందు ఏదో ఒక పని చేసే ఉంటుంది. ఇబ్బంది వచ్చినప్పుడు ముందు ఆ పనేమిటో కనుక్కోండి.

న్యూట్రల్‌లో గరగర, ఆగిపోయే ఇంజిన్

తేలిక ఫ్లైవీల్ (ఇంజిన్ తిరుగుడును నిలకడగా ఉంచే బరువైన చక్రం) వేసిన కార్లలో ఇది మామూలే. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు మోత వస్తోందా? క్లచ్ మెల్లగా తొక్కండి. చప్పుడు ఆగిపోతే అది గేర్ల పళ్లు ఒకదానికొకటి తగిలే మోత. పాత డ్యూయల్ మాస్ (రెండు ముక్కల) ఫ్లైవీల్‌లోని స్ప్రింగులు ఇంజిన్ కుదుపుల్ని మింగేసేవి. ఏకముక్కగా ఉన్న కొత్తదానిలో అవి లేవు. స్ప్రింగులున్న క్లచ్ ప్లేట్ వేస్తే మోత చాలావరకు తగ్గుతుంది, పూర్తిగా పోదు. తొక్కినప్పుడే చప్పుడు మొదలైతే మాత్రం రిలీజ్ బేరింగ్ (క్లచ్‌ను నొక్కే బేరింగ్) చూడండి.

యాక్సిలరేటర్ వదలగానే ఇంజిన్ ఆగిపోతోందంటే కారణం వేరు. తిరిగే బరువు తగ్గింది కాబట్టి ఆర్‌పీఎం ఎంత త్వరగా లేస్తుందో అంతే త్వరగా పడిపోతుంది, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) సర్దుకునేలోపే ఇంజిన్ ఆగుతుంది. ఇన్‌టేక్‌లో గాలి లీకు లేదని తేల్చుకున్నాక ట్యూనింగ్‌లో ఐడిల్‌ను 100-200 ఆర్‌పీఎం పెంచించండి. మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) కోడ్ వచ్చిందని టెన్షన్ పడి వెంటనే ఇగ్నిషన్ కాయిల్స్ మార్చేయకండి. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వేగంలో హెచ్చుతగ్గుల్ని బట్టే ఈసీయూ మిస్‌ఫైర్‌ను పసిగడుతుంది. ఈ ఫ్లైవీల్‌తో ఆ హెచ్చుతగ్గులు పెరుగుతాయి. ఒకే సిలిండర్ కోడ్ పదేపదే వస్తుంటే మాత్రం అది నిజమైన మిస్‌ఫైర్ కావచ్చు, వెతకాల్సిందే.

ఒకే ఆర్‌పీఎం దగ్గర వణుకు

దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. క్రాంక్ పుల్లీ తీసి గట్టి అల్యూమినియం పుల్లీ వేశారేమో చూడండి. పాత పుల్లీని బోల్టు కనిపించే వైపు నుంచి చూస్తే లోపలి బోల్టు భాగానికీ బయటి రింగుకూ మధ్య సన్నటి నల్ల రబ్బరు గీత కనిపిస్తుంది. క్రాంక్ మెలితిరిగి వచ్చే కంపనాన్ని అణిచేది అదే. అది లేకపోతే ఆయిల్ పంప్ గేర్లు పగలొచ్చు, క్రాంకే విరగొచ్చు. పొడవాటి క్రాంక్ ఉన్న ఇన్‌లైన్ 6 సిలిండర్ ఇంజిన్లకు ముప్పు మరీ ఎక్కువ. ఆ రబ్బరు డ్యాంపర్ ఉన్న పుల్లీ తిరిగి వేయడమే మందు. ఇక్కడ మిగిలే ఒకటి రెండు కిలోల కోసం ఇంజిన్‌ను పణంగా పెట్టకండి.

బోల్టు బిగిస్తుంటే మర పోవడం

తేలిక కోసం వాడే అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు, పోత ఇనుముది దాదాపు 7.2. బరువు తగ్గేది అందుకే. అయితే అల్యూమినియం మెత్తన, కాబట్టి మర తేలిగ్గా పోతుంది. బిగుతు ఎప్పుడూ టార్క్ రెంచ్‌తోనే చూడండి. మర పోతే హెలికాయిల్ (కొత్త మరనిచ్చే స్టీల్ తీగ చుట్ట) వేయించండి. మెగ్నీషియం భాగాలకు స్టీల్ బోల్టులు నేరుగా వేస్తే తేమ తగిలి బోల్టు చుట్టూ లోహాన్ని తినేస్తుంది. బీఎండబ్ల్యూ ఎన్52 ఇంజిన్ మెగ్నీషియం బ్లాకుకు అల్యూమినియం బోల్టులు పెట్టింది అందుకే. వాటిని ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదు, కొత్తవే వేయాలి.

ముందు భాగం లేచినట్టుంటే

బరువు బాగా తగ్గితే పాత స్ప్రింగులు కారు ముక్కును పైకెత్తుతాయి. మొదట ముందు భాగం ఎత్తు సరిచేయించి, తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించి, చివరగా హెడ్‌లైట్ల వెలుగు ఎత్తు సరిచేయండి. ఈ వరుస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది.