హనోయి వీధుల్లో ఫుడ్ వాక్: వరంగల్ నుంచి వెళ్లే కుటుంబాలకు

మన దిక్కు నుంచి వెళ్లే ఒక్కో కుటుంబంలో తిండి మూడు తీర్లుగా ఉంటుంది. ఒకరు నీసు ముట్టరు. ఒకరు కోడి, చేప తింటారు గానీ పెద్దకూర, పంది తినరు. ఇంకొకరికి శనివారం ఒక్కపొద్దు. వియత్నాం వీధి వంటలో మాంసమంటే కంటికి కనబడే ముక్కలే కావు. ఎముకల రసంలో ఉంటుంది, అన్నం మీద పోసే కొవ్వులో ఉంటుంది, అన్నింటిలో పడే చేప సాస్ సరేసరి. బండి దగ్గర నిలబడి ఆ గిన్నెలో ఏమేం పడ్డాయో వాళ్ల భాషలో అడిగి చెప్పే మనిషి కావాలి. గైడ్‌కు డబ్బులిచ్చేది ముఖ్యంగా ఇందుకే.

నడిచి తినడానికి హనోయి పాతబస్తీ అన్నిటికన్నా అనువైనది. హోన్ కియెమ్ సరస్సు నుంచి డోంగ్ సువాన్ మార్కెట్ దాకా సందులన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి, రెండు మూడు కిలోమీటర్లలో ఆరేడు చోట్ల ఆగొచ్చు. హోచిమిన్ సిటీలో దూరాలెక్కువ, అందుకే అక్కడ బైకు వెనక కూర్చోబెట్టి తిప్పే టూర్లు ఎక్కువ. పెద్దవాళ్లు వెంట ఉంటే హనోయే మేలు.

బుక్ చేసేటప్పుడు

ముందు వేళ తేల్చుకోండి. ఫో (రసంలో బియ్యపు నూడుల్స్), బాన్ కువాన్ (ఆవిరి మీద ఉడికించే పల్చటి బియ్యప్పిండి చుట్ట) పొద్దుటి తిండ్లు. బున్ చా (కాల్చిన పందిమాంసంతో నూడుల్స్) మధ్యాహ్నం తినేది. స్వీట్లు, నూనెలో వేయించినవి, బీరు బండ్లు సాయంత్రం కళకళలాడతాయి. మార్కెట్ కూడా చూడాలనుకుంటే పొద్దుటి టూరే తీసుకోండి. సాయంత్రపు టూర్లు సాధారణంగా ఐదు, ఆరు గంటలకు మొదలై మూడు గంటలు నడుస్తాయి. మనిషికి 20 నుంచి 35 డాలర్ల దాకా అడుగుతారు, తిండి ఖర్చు అందులోనే. కాలేజీ పిల్లలు ఇంగ్లీషు అభ్యాసం కోసం ఉచితంగా తిప్పే టూర్లూ ఉన్నాయి. వాటిలో మన తిండితో పాటు గైడ్ తిండి ఖర్చు కూడా మనమే పెట్టుకోవడం మర్యాద. గుంపు ఎనిమిది మందికి మించితే వద్దనుకోండి. ఒక్కొక్కరి గిన్నె గురించి విడిగా అడిగే తీరిక గైడ్‌కు ఉండదు.

బుకింగ్ మెసేజ్‌లో ఒట్టి ‘వెజ్’ అని రాస్తే చాలదు. మాంసం ముక్కలు తీసేసి అదే రసం పోసిచ్చినా అక్కడ కొందరి లెక్కలో అది వెజ్జే. ఇలా విడమరిచి రాయండి: ‘ఇద్దరు శాకాహారులు. మాంసం, చేప, రొయ్య, ఎముకల రసం, చేప సాస్, పందికొవ్వు వద్దు. గుడ్డు తింటారు. మిగతా ముగ్గురు కోడి, చేప, రొయ్య తింటారు. గొడ్డు, పంది వద్దు, వాటి రసం కూడా వద్దు.’ పల్లీలు పడనివాళ్లుంటే అదీ రాయాలి, చాలా వంటల మీద వేయించిన పల్లీల పొడి చల్లుతారు. జవాబులో శాకాహారులకు ఎక్కడ ఏం పెడతారో వంటల పేర్లతో రావాలి. ‘నో ప్రాబ్లమ్’ అని మాత్రమే వస్తే ఇంకో టూర్ చూసుకోండి.

శాకాహారులకు మన గోడమీది క్యాలెండర్ బాగా పనికొస్తుంది. వియత్నాంలో చాంద్రమాన నెల మొదటి రోజున, పదిహేనో రోజున చాలామంది బౌద్ధులు మాంసం మానేస్తారు. ఆ రోజుల్లో శాకాహారం వండే బండ్లు, హోటళ్లు ఎక్కువగా కనిపిస్తాయి. మన అమావాస్య, పౌర్ణములు అటూ ఇటుగా అవే రోజులు. టూర్ తేదీ అలా కుదిరితే సగం తిప్పలు తప్పుతాయి. శాకాహారాన్ని అక్కడ ‘చాయ్’ అంటారు. టీ కావాలంటే ‘చా’ అనాలి.

జనవరి చివర, ఫిబ్రవరిలో వెళ్లేవాళ్లు తెత్ ఎప్పుడో ముందే చూసుకోవాలి. అది వాళ్ల కొత్త సంవత్సరం. ఆ నాలుగైదు రోజులు చిన్న బండ్లు చాలావరకు మూసేసి ఊళ్లకు పోతారు. అక్టోబరు, నవంబరుల్లో నడకకు వాతావరణం బాగుంటుంది.

ఏది తినొచ్చు, ఏం అడగాలి

ఫో అంటే గొడ్డు ఎముకల్ని గంటలకొద్దీ మరిగించి, కాల్చిన అల్లం, ఉల్లిగడ్డ, అనాసపువ్వు, దాల్చినచెక్క వేసి తీసిన రసంలో బియ్యపు నూడుల్స్. పెద్దకూర తిననివాళ్లకు కోడితో చేసే ‘ఫో గా’ ఉంది. అయితే రెండూ అమ్మే దుకాణంలో రసం ఒకటే కావచ్చు, కోడి రసంలోనూ కొందరు పంది ఎముకలు వేస్తారు. కోడి ఫో ఒక్కటే అమ్మే చోటికి తీసుకెళ్లమని, రసంలో ఇంకేం ఎముకలు పడ్డాయో అడగమని గైడ్‌కు చెప్పండి. గిన్నె రాగానే ముందు ఒట్టి రసం రెండు చెంచాలు తాగండి. బల్ల మీది వెల్లుల్లి వెనిగర్, పచ్చిమిర్చి ముక్కలు ఆ తర్వాతే, కొద్దికొద్దిగా. ఉత్తరాది వియత్నాం వంట కారంగా ఉండదు. మనవాళ్లు చప్పగా ఉందని మొదటి నిమిషంలోనే చిల్లీ సాస్ గుమ్మరిస్తారు, ఇక ఆ రసంలో మసాలాలేవీ నాలుకకు తెలియవు. సంచిలోని మామిడి తొక్కు హోటల్ గదికే ఉంచండి.

బున్ చాలో నిప్పుల మీద కాల్చిన పందిమాంసం తప్ప వేరే రకం దొరకడం అరుదు. 2016 మేలో ఒబామా హనోయిలో తిన్నది ఇదే. తిననివాళ్లకు ఆ చోట బదులేమిటో ముందే తేల్చుకోండి. బాన్ మీ రొట్టెలో పంది కాలేయపు పేస్టు రాస్తారు, పైకి కనిపించదు. ‘బాన్ మీ చుంగ్, ఖోంగ్ పాతే’ అంటే గుడ్డు పెట్టి, ఆ పేస్టు లేకుండా ఇస్తారు. బాన్ కువాన్ చూడటానికి కూడా ముచ్చటగా ఉంటుంది. కుండ మీద బిగించి కట్టిన గుడ్డపై పల్చటి బియ్యప్పిండి పోసి, ఆవిరి మీద ఉడికించి, వెదురు పుల్లతో లేపుతారు. లోపల పంది ఖీమా, పుట్టగొడుగులు ఉంటాయి. అడిగితే ఖీమా లేకుండా ఒట్టిది చేసిస్తారు, కానీ ముంచుకునే రసం చేప సాస్‌తో చేసిందే.

శాకాహారులు ఎక్కువగా దెబ్బతినేది సోయ్ సేవ్ దగ్గర. పసుపు వేసిన జిగురన్నం, పెసరపప్పు, వేయించిన ఉల్లి. చూస్తే అంతా శాకాహారమే, కానీ వడ్డించేటప్పుడు పైన గరిటెడు కొవ్వు పోస్తారు. అది కోడిదో పందిదో అయ్యుంటుంది. పోయకముందే ‘ఖోంగ్ మ’ అనాలి, పోశాక చేసేదేం లేదు. బున్ దావ్‌లో వేయించిన టోఫూ, నూడుల్స్ మంచివే. పక్కన పెట్టే ఊదారంగు ముద్ద పులియబెట్టిన రొయ్యలది, ఘాటైన వాసన. దాని బదులు సోయా సాస్ అడగండి. టోఫూ వేయించిన మూకుడులో మాంసం వేశారా అన్నది గైడే కనుక్కోవాలి.

పెసర్లు, అలసందలు, కొబ్బరిపాలతో చేసే ‘చె’ శాకాహారులకు దాదాపు అన్నిచోట్లా భయం లేని తీపి. పెసరపప్పు కూరి, నువ్వులద్ది వేయించే తీపి బాన్ జాన్ కూడా అంతే. చివర్లో గుడ్డు కాఫీ ఇప్పిస్తారు. 1946లో పాలు దొరకని రోజుల్లో మెట్రోపోల్ హోటల్‌లో పనిచేసే జాంగ్ అనే ఆయన పాలకు బదులు గుడ్డు సొన గిలకొట్టి చేసింది ఇది. సొన పూర్తిగా ఉడకదు కాబట్టి గర్భిణులు, చిన్నపిల్లలు కొబ్బరి కాఫీ లాంటిదేదైనా తీసుకోవడం మంచిది.

నడిచేటప్పుడు

మధ్యాహ్నం తేలికగా తినండి. ఇద్దరికి ఒక గిన్నె చాలు. వడ్డించింది వదలకూడదని మనకు అలవాటు, మొదటి రెండు చోట్లే కడుపు నిండిపోతుంది. తర్వాతి నాలుగు చోట్లా ఊరికే కూర్చోవాల్సి వస్తుంది.

కూర్చునేవి జానెడెత్తు ప్లాస్టిక్ స్టూళ్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్ల సంగతి ముందురోజే చెబితే గైడ్ కుర్చీలున్న చోట్లు ఎంచుకుంటాడు. రోడ్డు దాటేటప్పుడు ఒకే వేగంతో నెమ్మదిగా నడుస్తూ పోండి. బైకులు మన నడకను లెక్కగట్టి పక్కనుంచి పోతాయి. పరుగెత్తినా, మధ్యలో వెనక్కి తగ్గినా ఆ లెక్క తప్పుతుంది, ప్రమాదం అప్పుడే. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా సరస్సు చుట్టూ వాహనాలు ఆపేస్తారు కాబట్టి పిల్లలతో వెళ్లేవాళ్లకు ఆ రోజులు నయం.

రూపాయికి సుమారు 300 డాంగ్‌లు వస్తాయి. చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి. 20,000 నోటు, 5,00,000 నోటు రెండూ నీలమే, మసక వెలుతురులో పొరబడితే దాదాపు పదహారు వందల రూపాయలు పోతాయి. పెద్ద నోటు వేరే జేబులో పెట్టుకోండి. బల్ల మీది తడి టిష్యూ చింపితే దానికీ కొన్నిచోట్ల బిల్లు వేస్తారు.

నీళ్లు సీసావే తాగండి. మధ్యలో రంధ్రమున్న గొట్టం లాంటి ఐసు ఫ్యాక్టరీలో చేసింది, పర్వాలేదు. పలుగుతో కొట్టిన గడ్డల ఐసు వద్దు. పొట్ట సున్నితమైతే పచ్చి ఆకుల్ని వేడి రసంలో ముంచి తినండి. ‘తియెత్ కాన్’ పచ్చి నెత్తురుతో చేసేది, దాని జోలికి పోవద్దు. ఓఆర్ఎస్ పొట్లాలు మన దగ్గరే కొని పెట్టుకోండి.

విడిపోయే ముందు మీరు తిననివాటి జాబితాను గైడ్‌తో వియత్నామీ లిపిలో మీ ఫోన్‌లో రాయించుకోండి. నచ్చిన బండ్ల దగ్గర మ్యాపులో గుర్తు పెట్టించుకోండి. మన పలుకులో స్వరం తప్పితే మాట మారిపోతుంది, రాసింది చూపిస్తే తప్పదు. మర్నాడు గైడ్ లేకుండా అదే బండికి వెళ్లి, ఆ తెర చూపించి, ఈసారి నిండు గిన్నె తినొచ్చు.