హిదర్, దిదర్, విదర్... ఈ పాత ఇంగ్లీష్ పదాల్ని బట్టీ కొట్టకుండా పట్టుకోవడం ఎలా

షేక్స్పియర్ నాటకమో పాత బైబిలో చదువుతుంటే హిదర్, దిదర్, విదర్, హెన్స్, దెన్స్, వెన్స్ అని వస్తుంటాయి కదా, వీటికోసం ఒక్కోసారి డిక్షనరీ తియ్యడం దండగ, ఎందుకంటే ఇవన్నీ రెండు ముక్కలు అతికించిన పదాలే.

ముందు ముక్క చూడండి. హెచ్ ఉంటే ఇక్కడ, టీ-హెచ్ ఉంటే అక్కడ, డబ్ల్యూ-హెచ్ ఉంటే ఎక్కడ. హియర్, దేర్, వేర్‌లో ఉన్నదీ ఇదే, మనకి ఇ, అ, ఎ ఉన్నట్టు. ఇప్పుడు తోక. ఐ-టీ-హెచ్-ఈ-ఆర్ అయితే ఆ వైపుకి, ఈ-ఎన్-సీ-ఈ అయితే ఆ చోటు నుంచి. అంటే హిదర్ ఇటు, దిదర్ అటు, విదర్ ఎటు. హైదరాబాద్ వాళ్ళకి ఇంకా ఈజీ, ఇధర్, ఉధర్, కిధర్ నోట్లోనే ఉంటాయి (చుట్టరికం సంగతి వదిలెయ్యండి, గుర్తుంటే చాలు).

హెన్స్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. మనం స్కూల్లో లెక్కల చివర "హెన్స్ ప్రూవ్డ్" రాసీ రాసీ దానికి "కాబట్టి" అన్న అర్థమొక్కటే ఉందనుకుంటాం. జూలియస్ సీజర్ నాటకం మొదటి మాటే "హెన్స్! హోమ్, యూ ఐడిల్ క్రీచర్స్", అక్కడ కాబట్టి అని పెట్టి చూడండి, అసలు కుదరదు, పొండి ఇక్కణ్ణుంచి అని తరుముతున్నాడు. ఇక్కణ్ణుంచి అన్నదే కాలానికి వాడితే ఇప్పట్నుంచి అయింది, కారణానికి వాడితే ఇందువల్ల అయింది.

వెన్స్‌లోనే "నుంచి" ఉంది కాబట్టి ఫ్రమ్ వెన్స్ తప్పు అంటారు కొందరు, కానీ 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ 121వ కీర్తనలో ఫ్రమ్ వెన్స్ అనే ఉంది, మరీ పట్టింపు అక్కర్లేదు. ఎగ్జామ్‌లో మాత్రం ఒట్టి వెన్స్ రాయండి, గొడవుండదు.

డాక్యుమెంట్లలో అయితే ఇంకో ఫ్యామిలీ, హియర్‌బై, హియరిన్‌ఆఫ్టర్, దేరాఫ్, వేర్‌బై లాంటివి. ఇక్కడ హియర్ అంటే చోటు కాదు, మీ చేతిలో ఉన్న ఈ కాగితం. దేర్ అంటే దానికి ముందు చెప్పిన ఆ విషయం. ఫ్లాట్ గురించి చెప్పి పక్కనే దేరాఫ్ అన్నారంటే ఆ ఫ్లాట్‌ది అని, హియరాఫ్ అంటే ఈ అగ్రిమెంట్‌ది అని, సంతకం పెట్టేముందు ఈ తేడా చూసుకోండి. మన రాజ్యాంగ పీఠికలో 1949 నవంబర్ 26 తేదీ తర్వాత వచ్చే "డూ హియర్‌బై అడాప్ట్"లో హియర్‌బై కూడా ఇదే, దీని ద్వారా అని.

ట్రాప్‌లు కూడా ఉన్నాయి. వేర్‌ఫోర్ అంటే ఎక్కడ కాదు, ఎందుకు. జూలియెట్ బాల్కనీలో అడిగేది రోమియో ఎక్కడున్నావని కాదు, నువ్వు రోమియోవే ఎందుకయ్యావని. విదర్‌లో మొదటి హెచ్ ఎగిరిపోతే అర్థం వాడిపోవడం, పలకడం మాత్రం చాలామందికి ఒకటే. డిదర్, స్లిదర్, జిదర్‌లో కూడా అదే తోక కనిపిస్తుంది గానీ వాటికి ఇటూ అటూతో సంబంధం లేదు.

ఇవన్నీ చదివేటప్పుడు పనికొస్తాయి, రాసేటప్పుడు మాత్రం హెన్స్, హెన్స్‌ఫోర్త్, హిదర్‌టూ దాకా ఓకే, ఆఫీస్ మెయిల్‌లో విదర్ అని పెడితే నవ్వుతారు.