తక్కువ బడ్జెట్‌లో చిన్న హెచ్‌డీ టీవీ ఎలా ఎంచుకోవాలి?

చిన్న టీవీయే కదా, ఏదో ఒకటి పట్టుకొచ్చేద్దాం అనుకునేవాళ్లే ఎక్కువగా పప్పులో కాలేస్తారు. 65 అంగుళాల టీవీ కొనేవాళ్లు వారాల తరబడి వెతుకుతారు, 32 అంగుళాలది మాత్రం అరగంటలో బిల్లు వేయించేసి, ఇంటికెళ్లాక "మొహాలన్నీ ఎర్రగా కనిపిస్తున్నాయేంటి" అని నాకు ఫోన్ చేస్తారు. అందుకే వరసగా రాస్తున్నాను.

1. సైజు. టేపు తీసుకోండి. అంగుళాలంటే స్క్రీన్‌ను ఐమూలగా కొలిచిన కొలత, వెడల్పు కాదు. 32 అంగుళాల స్క్రీన్ వెడల్పు 71 సెంటీమీటర్లు, 43 అంగుళాలదైతే 95 దాకా ఉంటుంది. కూర్చునే చోటుకీ టీవీకీ మధ్య ఐదారు అడుగులుంటే 32 సరిపోతుంది, ఏడెనిమిది ఉంటే 40 లేదా 43. స్టాండ్ కాళ్లు రెండూ చివర్లలో ఉండే మోడళ్లు చాలా ఉన్నాయి కాబట్టి బల్ల వెడల్పు కూడా కొలుచుకోండి. అంతే, సైజు గురించి ఇంతకంటే ఆలోచించక్కర్లేదు.

2. రిజల్యూషన్. అంటే స్క్రీన్ మీద అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలు (పిక్సెళ్లు) ఉన్నాయన్న లెక్క. హెచ్‌డీ రెడీ అంటే 1366×768, ఫుల్ హెచ్‌డీ అంటే 1920×1080. అట్టపెట్టె మీద "1080పీ సపోర్ట్" అని పెద్దక్షరాలతో ఉంటే మురిసిపోవద్దు. ఆ సిగ్నల్ ఇస్తే టీవీ తీసుకుంటుందని మాత్రమే దానర్థం, తీసుకుని 768 గీతలే ఉన్న తన ప్యానెల్‌కి, అంటే బొమ్మ కనిపించే తెరకి, కుదించి చూపిస్తుంది. స్పెసిఫికేషన్లలో "నేటివ్ రిజల్యూషన్" లేదా "ప్యానెల్ రిజల్యూషన్" అన్న చోట ఉన్న అంకెలే నమ్మండి. సెట్‌టాప్ బాక్స్ పెట్టుకుని దూరం నుంచి చూసేవాళ్లకి 32లో హెచ్‌డీ రెడీ చాలు. కంప్యూటర్ కలిపి దగ్గర కూర్చుని అక్షరాలు చదవాలంటే మాత్రం ఫుల్ హెచ్‌డీ ఉండాల్సిందే. 40 దాటాక అంతకంటే తక్కువది ఎవరైనా ఊరికే ఇచ్చినా నేను తీసుకోను.

3. పోర్టులు. హెచ్‌డీఎంఐ (సెట్‌టాప్ బాక్స్, కంప్యూటర్ లాంటివి కలిపేది) కనీసం రెండు, వాటిలో ఒకటి ఏఆర్‌సీ, అంటే టీవీ శబ్దాన్ని అదే వైరులో బయటి స్పీకర్లకి పంపగలిగేది. గోడకి బిగిస్తారా, అయితే పోర్టులు వెనక్కి కాకుండా పక్కకి తిరిగి ఉన్న మోడల్ చూడండి.

4. బొమ్మ చూడటం. అందరూ చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

షోరూమ్‌లో లైట్లు బాగా ఎక్కువగా ఉంటాయి. టీవీలన్నీ వివిడ్ మోడ్‌లో, అంటే రంగులూ వెలుగూ బాగా పెంచే సెట్టింగులో పెట్టి, పూలూ జలపాతాలూ ఉన్న డెమో వీడియో తిప్పుతుంటారు. ఆ వీడియోలో ఎంత నాసిరకం ప్యానెలైనా జిగేల్మంటుంది. దాన్ని చూసి ఎంచుకోవడమంటే పెళ్లి ఫొటో చూసి మనిషి స్వభావం చెప్పడమే. అందుకని వెళ్లేముందు ఒక పెన్‌డ్రైవ్ సిద్ధం చేసుకోండి. ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి, ఎందుకంటే వేరే ఫార్మాట్లను కొన్ని టీవీలు చదవవు. ఒక్కో ఫైలు 4 జీబీ లోపు ఉండాలి, ఎంపీ4 అయితే గొడవ ఉండదు. అందులో చీకట్లో మొహాలు కనిపించే సీనొకటి, కెమెరా అటూ ఇటూ వేగంగా తిరిగే ఆట ఒకటి, కింద అక్షరాలు పరిగెత్తే వార్తల ముక్క ఒకటి, మీరు రోజూ చూసే మామూలు నాసిరకం వీడియో ఒకటి పెట్టుకోండి. ఆ చివరిదే అన్నిటికంటే ముఖ్యం. తెలుపు, నలుపు, బూడిద రంగు ఖాళీ బొమ్మలు కూడా తలా ఒకటి వేసుకోండి.

షాపులో మొదట రిమోట్ అడిగి తీసుకోండి. సేల్స్‌మన్ మొహమాటపడినా మీరు పడొద్దు. పిక్చర్ మోడ్‌ని స్టాండర్డ్‌కో సినిమాకో మార్చండి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. షాప్ మోడ్‌లో ఉన్న టీవీ కాసేపటికి మళ్లీ పాత సెట్టింగులకే వెళ్లిపోవచ్చు, అలా జరిగితే హోమ్ మోడ్‌లో పెట్టమనండి.

ఇప్పుడు ఎదురుగా నిలబడకండి, పక్కకి జరగండి. ప్యానెళ్లలో వీఏ, ఐపీఎస్ అని రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. వీఏ ప్యానెలైతే ఎదురుగా నలుపు చిక్కగా ఉండి, పక్కకి వెళ్లేకొద్దీ రంగులు పాలిపోతాయి. ఐపీఎస్ అయితే పక్కనుంచీ బాగానే ఉంటుంది కానీ నలుపు కాస్త బూడిదగా కనిపిస్తుంది. గదిలో అందరూ చెల్లాచెదురుగా కూర్చుంటే ఐపీఎస్, లైట్లార్పి ఎదురుగా కూర్చుని సినిమాలు చూస్తే వీఏ, ఇందులో నాతో వాదించొద్దు. గోడకి ఎత్తుగా బిగించే ఆలోచన ఉంటే కిందికి కూర్చుని పైకి చూడండి. మరీ చౌక ప్యానెళ్లలో మొహాలు నల్లబడిపోతాయి. తర్వాత తెలుపు, బూడిద బొమ్మల్లో మరకలూ, నలుపు బొమ్మలో మూలల నుంచి కారే వెలుతురూ, ఎక్కడైనా చచ్చిన (వెలగని) పిక్సెలూ ఉన్నాయేమో వెతకండి.

ఆన్‌లైన్ రేటింగులు చూస్తే సరిపోదా అంటారు. ఐదు నక్షత్రాలిచ్చినవాళ్లు ఏం రాశారో ఒకసారి చదవండి, "డెలివరీ సూపర్, ప్యాకింగ్ బాగుంది" అని ఉంటుంది. అట్టపెట్టెకి ఇచ్చిన మార్కులు మనకెందుకు? ఆన్‌లైన్‌లో ధర తక్కువుంటే అక్కడే కొనండి, నాకేం అభ్యంతరం లేదు, కానీ చూడటం మాత్రం కళ్లతో చూడండి. మోడల్ నంబర్ చివరి అక్షరం దాకా కలవాలి. ఒక్క అక్షరం మారినా లోపలి సరుకు వేరే కావచ్చు.

5. స్టిక్కర్లు. చిన్న చౌక టీవీ మీద హెచ్‌డీఆర్ (వెలుగు భాగాలు మరింత వెలుగుగా, చీకటి భాగాలు స్పష్టంగా చూపించే పద్ధతి) అని ఉంటే పట్టించుకోకండి, ఆ వెలుగు చూపించే సత్తా దాని బ్యాక్‌లైట్‌కి ఉండదు. "మోషన్ రేట్ 200" లాంటివీ అంతే, అసలు ప్యానెల్ 50 లేదా 60 హెర్ట్జ్‌దే, అంటే సెకనుకి అన్నిసార్లే బొమ్మ మార్చేదే అయ్యుంటుంది. స్మార్ట్ కోసం అదనంగా డబ్బు పెట్టొద్దు. 1 జీబీ ర్యామ్‌తో కొన్నాళ్లకే నత్తనడక మొదలవుతుంది. విడిగా టీవీకి గుచ్చుకునే స్ట్రీమింగ్ స్టిక్ కొనుక్కుంటే పాడైనప్పుడు అదొక్కటే మార్చుకోవచ్చు.

6. ఇంటికి తెచ్చాక. రిటర్న్ గడువు అయిపోయేదాకా అట్టపెట్టె పారేయకండి. అదే పెన్‌డ్రైవ్‌తో, ఈసారి లైట్లార్పి, మళ్లీ అన్నీ చూడండి. చానెల్ లోగో సగం తెగినట్టుంటే టీవీ పాడైందని టెన్షన్ పడొద్దు, పిక్చర్ సైజ్‌లోకి వెళ్లి "స్క్రీన్ ఫిట్" లేదా "జస్ట్ స్కాన్" పెడితే లోగో పూర్తిగా కనిపిస్తుంది, అక్షరాలు కూడా కాస్త పదునుగా మారతాయి.