కోవళం అలలు: ఎత్తు పక్కన ఉన్న సెకన్లు కూడా చూడండి

చెన్నైలో ఉంటూ సెలవురోజుల్లో దగ్గర్లోని కోవళంలో (కేరళ కోవళం కాదు) సర్ఫింగ్ నేర్చుకుంటున్న మనవాళ్లకు ఒక మాట. ఫోర్‌కాస్ట్‌లో అల ఎత్తు ఒక్కటే చూసి బయల్దేరకండి. పక్కనే సెకన్లలో ఒక అంకె ఉంటుంది, అలకూ అలకూ మధ్య వ్యవధి. నా లెక్కలో అదే ముఖ్యం. మీటరు అల 5, 6 సెకన్లకోసారి వస్తుంటే అది దగ్గర్లోని గాలి రేపిన అల. గజిబిజిగా ఉంటుంది, బోర్డు మీద లేచేలోపే విరిగిపోతుంది. అదే మీటరు 12 సెకన్ల వ్యవధితో వస్తే ఎక్కడో దూరాన పుట్టి వచ్చిన అల. బలం చాలా ఎక్కువ, ఒడ్డు దగ్గరపడేకొద్దీ ఇంకా పైకి లేస్తుంది. కొత్తవాళ్లు ఆ రోజు కాసేపు ఒడ్డున నిలబడి చూశాకే దిగాలి.

పొద్దున్నే వెళ్లండి. అప్పుడు గాలి సాధారణంగా నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, అల నున్నగా నిలబడుతుంది. ఎండెక్కి సముద్రపు గాలి మొదలైతే ఆ నునుపు పోతుంది.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర హెచ్చరికలు కూడా చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం కాబట్టి అవి తప్పనిసరి. నీటి అడుగున అలను విరగ్గొట్టే ఇసుక మేటలు మాత్రం ఏ ఫోర్‌కాస్ట్‌లోనూ కనిపించవు, అక్కడి జాలరులనే అడగాలి.