అమెరికాలో ఉండగా నల్గొండలోని కారుకు ఇన్సూరెన్స్

కూతురి కాన్పుకని డాలస్ వెళ్లాం. మేమక్కడుండగానే ఇంటి దగ్గర కారు ఇన్సూరెన్స్ గడువు వచ్చింది. ఆన్‌లైన్‌లో కడదామంటే బ్యాంకు ఓటీపీ రాదు. చూస్తుండగానే తేదీ దాటిపోయింది.

దాటాక కంపెనీ బండి చూడందే రెన్యువల్ చేయనంది. వాళ్లు పంపిన లింకును నల్గొండలో ఉన్న మా తమ్ముడి కొడుక్కి పంపాను. పాపం వాడు దుమ్ము కడిగి, బ్యాటరీ డౌనైతే పక్కింటివాళ్ల కారుతో కేబుల్ పెట్టి స్టార్ట్ చేసి, చుట్టూ తిరిగి వీడియో తీశాడు. ఛాసిస్ నంబరు మీద టార్చి వేస్తేగానీ అంకెలు కనబడలేదు. డబ్బులు కూడా వాడి యూపీఐతోనే కట్టించాను.

గడువు దాటి 90 రోజులు కాలేదు కాబట్టి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 50 శాతం దక్కింది. నా టెన్షనంతా దాని గురించే. ఓన్ డ్యామేజీ ప్రీమియంలో, అంటే మన బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగంలో, అది సగం మరి! పాలసీ వచ్చేదాకా బండిని గేటు దాటనివ్వలేదు. ఇన్సూరెన్స్ లేకుండా పట్టుబడితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా. అదైనా నయమే, ఎవరికైనా తగిలితే పరిహారం మన నెత్తినే.

ఆర్సీ సంగతి వేరు. సొంత కారుకు అది 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత రెన్యువల్‌కు బండిని ఆర్టీఏ ఆఫీసులో చూపించాలి, వీడియోతో పని జరగదు. గడువుకు 60 రోజుల ముందునుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మాదానికి ఇంకా టైముంది. పొల్యూషన్ సర్టిఫికెట్ తిరిగొచ్చాక తీయించాను.