వేట మొదలయ్యే ముందు బోటు డీజిల్ ఫిల్టర్ మారుస్తున్నారా? ఈ జాగ్రత్తలు చూసుకోండి

జూన్ 14తో సముద్రంలో చేపల వేట నిషేధం అయిపోద్ది. వైజాగ్ అనండి కాకినాడ అనండి నిజాంపట్నం అనండి, ఆఖరి వారం ఏ జెట్టీ చూసినా ఒకటే హడావుడి, వలలు, ఐసు, పెయింటు, సరుకులు అన్నీ ఒకేసారి మీద పడతాయి, ఆ గోలలో ఫిల్టర్ మార్చే పని బయల్దేరే ముందు రోజు సాయంత్రానికి వెళ్లిపోద్ది. అదే వద్దంటున్నా. చెయ్యి తిరిగిన డ్రైవర్‌కి ఇది పెద్ద పనేం కాదు, కానీ మార్చాక ఇంజన్ని లోడు మీద నడిపి చూసుకోడానికి టైము మిగలాలి కదా. నాలుగైదు రోజుల ముందే పెట్టుకోండి.

61 రోజులు బోటు కట్టేసి ఉంటది. ట్యాంకు సగం ఖాళీగా వదిలేస్తే లోపలి గాలిలో తేమంతా రాత్రిళ్లు గోడలకి చెమటలాగా పట్టి కిందకి దిగుద్ది, నీళ్లు డీజిల్ కన్నా బరువు కాబట్టి అడుక్కి చేరతాయి, ఆ నీళ్లకీ డీజిల్‌కీ మధ్యలో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుద్ది. జెట్టీలో కదలకుండా ఉన్నంతసేపు ఆ మడ్డంతా అడుగునే ఉంటది, ఇంజన్ కూడా సెల్ఫ్ కొట్టగానే బ్రహ్మాండంగా అందుకుంటది. మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, కెరటాలకి బోటు ఊగడం మొదలయ్యాక మడ్డి మొత్తం లేచి లైన్లోకి వచ్చి ఫిల్టర్ పూడుకుపోద్ది, సరిగ్గా ఫుల్ స్పీడు కావాల్సిన చోట ఇంజన్ ఆగిపోద్ది. ఇసుక మేటలున్న మొగలో బోటు కెరటానికి అడ్డం తిరిగితే ఏమవుద్దో బోటు నడిపే సరంగులకి నేను చెప్పక్కర్లేదు.

అందుకని ఫిల్టర్ కంటే ముందు ట్యాంకు చూడండి. కింద డ్రెయిన్ విప్పి ఒక తెల్ల సీసాలోకి పట్టండి, కాసేపు ఉంచితే నీళ్లు కిందకి, డీజిల్ పైకి తేలిపోతాయి, క్లియర్‌గా వచ్చేదాకా తియ్యండి. మడ్డి మరీ ఎక్కువుంటే ట్యాంకు కడిగించాల్సిందే, ఈ మడ్డి మీద కొత్త ఫిల్టర్ పెట్టినా డబ్బు దండగ. కడిగేటప్పుడు మాత్రం మనిషిని లోపలికి దింపొద్దు, ఊపిరాడదు. ఖాళీ ట్యాంకు దగ్గర వెల్డింగ్ అసలు వద్దు, ఖాళీదే కదా అనుకుంటారు గానీ ఆవిరి దాంట్లోనే ఉంటది. డ్రమ్ముల్లో చవగ్గా దొరికిన డీజిల్ గుడ్డలో వడగట్టి పోస్తున్నారు కొందరు, గుడ్డ చెత్తని ఆపుద్ది గానీ నీళ్లని ఆపదు.

ఇక పనిలోకి వస్తే, ఇంజన్ పూర్తిగా చల్లారాలి, బ్యాటరీ మెయిన్ ఆఫ్ చెయ్యాలి, బోటు మీద గ్యాస్ పొయ్యి ఆపాలి, బీడీలు గట్టు మీదే. డీజిల్ అంత తొందరగా అంటుకోదులే అంటారు చాలామంది. మన బంకు డీజిల్‌కి ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే వేడి, కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలని మన స్టాండర్డే చెప్తది, జూన్‌లో ఇంజన్ రూమ్ వేడి ఎంతుంటదో మీకే తెలుసు.

ఫిల్టర్లు మామూలుగా రెండుంటాయి, కింద గిన్నె ఉన్నది నీళ్లని వేరు చేసేది, ఇంజన్ మీదున్నది సన్న చెత్తని ఆపేది. రెండూ మార్చండి. పాతది షాపుకి తీసుకెళ్లి నెంబరు కలుపుకోండి, మర సరిపోయింది కదా అని తెచ్చేస్తే లోపల కాగితం వేరే రకం ఉండొచ్చు. ట్యాంకు ట్యాపు కట్టేసి, కింద తొట్టి పెట్టి విప్పండి. పాత రబ్బరు రింగు ఫిల్టర్ బిగించే హెడ్‌కే అంటుకుపోయి ఉంటది ఒక్కోసారి, వేలు పెట్టి తడిమి చూడండి, దాని మీదే కొత్తది బిగిస్తే రెండు రింగులై గాలి లాగేస్తది. కొత్త రింగుకి కొంచెం డీజిల్ రాసి చేత్తోనే బిగించండి, రింగు తగిలాక ఎంత తిప్పాలో ఫిల్టర్ మీదే రాసి ఉంటది, సాధారణంగా ముప్పావు చుట్టు. పానాలు పెట్టి బలం చూపించొద్దు. ఇంజన్ మీది ఫిల్టర్‌లో క్యాను నుంచి డీజిల్ పోసి పెట్టొద్దు, వడకట్టని డీజిల్ నేరుగా పంపుకీ ఇంజెక్టర్లకీ పోద్ది. చేత్తో కొట్టే చిన్న పంపు ఉంటది కదా, ఆ హ్యాండ్ ప్రైమర్‌తోనే నింపండి.

గాలి తీయడం దగ్గరే తొందరపడతారు. ఫిల్టర్ హెడ్ మీద స్క్రూ వదులు చేసి ప్రైమర్ కొడుతూ ఉండండి, బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చాక, కొడుతూనే బిగించెయ్యండి. తర్వాత పంపు దగ్గరున్న స్క్రూ. రాగి వాషర్లు కొత్తవి వెయ్యండి, పది రూపాయల దగ్గర పిసినారితనం ఎందుకు. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు దాకా ఉండే లైన్లో లీకుంటే బయటికి చుక్క కూడా కారదు, లోపలికి గాలి లాగుద్ది, అందుకే పొడిగా ఉంది కాబట్టి బాగుందనుకోవద్దు. ఇంజన్ ఎత్తూ పల్లంగా తిరుగుతుంటే ముందు అక్కడ చూడండి. సెల్ఫ్ ఒకేసారి పది పదిహేను సెకన్లకి మించి కొట్టొద్దు, మోటార్ కాలుద్ది.

ఇంజెక్టర్ పైపుల్లో లీకు ఉందేమోనని చేత్తో తడమొద్దు, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దూరిపోద్ది, పైకి సూది గుచ్చినంత చుక్కే కనపడుద్ది, నొప్పి కూడా మొదట్లో ఉండదు, అయినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి, ఆగితే చెయ్యే పోవచ్చు.

స్టార్ట్ అయింది కదా అని వదిలెయ్యకండి. తాళ్లు గట్టిగా కట్టి గేరు వేసి ఓ అరగంట లోడు మీద నడపండి, ఆపి గిన్నెలో నీళ్లు చూడండి. మొగ దాటే ముందు మళ్లీ ఒకసారి చూడండి.

వెనక బయట తగిలించే పెట్రోలు ఇంజన్ (ఔట్‌బోర్డ్) ఉన్న ఫైబర్ బోట్లకి పని చిన్నదే గానీ నిప్పు భయం ఎక్కువ, పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, బోటు అడుగున పేరుకుని ఉంటది, ట్యాంకు ఒడ్డుకి దించి నింపుకోండి. ఫిల్టర్ మీద బాణం ఇంజన్ వైపుకి ఉండాలి.

బోటులో ఇంకో సెట్టు ఫిల్టర్లు, వాషర్లు, సైజు పానాలు, టార్చి కవరు చుట్టి ఉంచండి. నీళ్లలో ఆగిపోతే లోతు తక్కువున్న చోట ముందు లంగరు, తర్వాతే పానా. సెల్ సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డ్ 1554, మెరైన్ పోలీస్ 1093, లేకపోతే వీహెచ్ఎఫ్ రేడియో ఛానెల్ 16. ఇంజన్ రూమ్ అడుగున ఒలికిన డీజిల్ గుడ్డలతో పీల్చి, పాత ఫిల్టర్లతో పాటు మూతున్న డబ్బాలో వేసి ఒడ్డుకి పంపండి, అప్పటిదాకా నీళ్లు తోడే పంపు ఆన్ చెయ్యొద్దు, అదంతా హార్బర్‌లోకే పోద్ది.