పిల్లల బొమ్మలు, కార్టూన్లు, గేముల్లో ఆడా మగా తేడా: ఇంట్లో మనం ఏం చేయాలి

బేగంబజార్‌లో ఏ బొమ్మల షాపుకెళ్లినా ముందు అడిగేది "బాబుకా, పాపకా?" అనే. వయసెంత అన్నది ఆ తర్వాతే. పాప అంటే గులాబీ రంగు వంట సెట్టు, మేకప్ కిట్టు, బాబు అంటే కారూ గన్నూ బయటికొస్తాయి. ఈసారి ఆ ప్రశ్నకి జవాబు చెప్పకండి, "ఆరేళ్ల పిల్లలకి, విప్పి మళ్లీ బిగించుకునేవి చూపించండి" అనండి.

ఇక టీవీ. కార్టూన్లు మాన్పించమని నేను చెప్పను, ఇక్కడ ఆపితే పక్కింట్లో చూస్తారు. ఒక్క ఎపిసోడ్ పక్కన కూర్చుని చూడండి చాలు: ప్లాన్ వేసేదెవరు, పోట్లాడేదెవరు, భయపడి అరిచేదెవరు. మన హైదరాబాద్‌లోనే తయారై 2008 నుంచి పిల్లలు చూస్తున్న ఛోటా భీమ్‌నే తీసుకోండి. అందులో భీమ్ స్నేహితురాలు చుట్కీ తెలివైనదే, ధైర్యం ఉన్నదే, అయినా ఆ పేరు చెప్పగానే చాలామంది పిల్లలకి గుర్తొచ్చేది లడ్డూలు! అందుకే ఎపిసోడ్ అయ్యాక అడగండి, "లడ్డూలు భీమ్ చేసి, రాక్షసుడి మీదికి చుట్కీ వెళ్తే ఏమయ్యేది?" అని. ముందు నవ్వుతారు, తర్వాత వాళ్లే కథ అల్లుతారు. మీరు మాత్రం క్లాసు పీకొద్దు.

ఫోన్ సంగతి తేలిక. ఏది చూస్తే అలాంటివే ఇంకో పది చూపిస్తుంది కాబట్టి, యూట్యూబ్ కిడ్స్‌లో మీరు ఓకే చేసిన వీడియోలే కనిపించేలా సెట్టింగ్ పెట్టుకోండి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మగపిల్లల సంగతి. లెగో కంపెనీ ఏడు దేశాల్లో చేయించి 2021లో బయటపెట్టిన సర్వేలో, అమ్మాయిల బొమ్మలతో ఆడితే ఎగతాళి చేస్తారని భయపడ్డ అబ్బాయిలు 71 శాతం, అబ్బాయిల బొమ్మల విషయంలో అలా భయపడ్డ అమ్మాయిలు 42 శాతం. అంటే కూతురికి క్రికెట్ బ్యాట్ కొనిచ్చి మురిసిపోయే మనమే, కొడుకు బొమ్మని ఒళ్లో పడుకోబెట్టి జోకొడితే వెంటనే "ఏంట్రా ఆడపిల్లలా" అంటున్నాం. ఇంటికొచ్చిన మామయ్య ఆ మాటంటే నవ్వి ఊరుకోకండి, "వాళ్ల నాన్న కూడా వాణ్ని అలాగే పడుకోబెట్టేవారు మామయ్యా" అని బాబు వింటుండగానే చెప్పండి, తర్వాత వాణ్ని పక్కకి పిలిచి సర్దిచెప్పినా ఆ సిగ్గు పోదు.

పుట్టినరోజు దగ్గరపడితే బంధువులకి ముందే ఫోన్ చేసి, పిల్లలకి ఏది ఇష్టమో పేరుపెట్టి చెప్పేయండి.